చిన్న ట్రిప్పే కదా!

ఏటా అక్టోబరు వచ్చిందంటే చాలు, సియాటెల్ తెలుగువాళ్ళకి ప్రకృతి మీద హఠాత్తుగా ప్రేమ పుట్టుకొస్తుంది. కొండల మీద లార్చ్ చెట్లు పసుపు రంగుకి తిరుగుతాయి. ఆఫీసులో ఎవడో ఒకడు ఫోటో చూపిస్తాడు. వాట్సాప్‌లో శనివారానికి ప్లాను రెడీ. ఇహ శుక్రవారం మధ్యాహ్నం నాకు ఫోన్లు మొదలు. "గురూ, రేపు హైకుకి పోతున్నాం, ఏ బ్యాగు కొనమంటావ్? లింకు పంపు." ఎక్కడికి, ఎంతమంది, ఎన్నింటికి బయల్దేరుతున్నారు, ఏమేం మోస్తున్నారు అని అడుగుతాను. అవతల్నించి విసుగు. "అబ్బా, పొద్దున పోయి సాయంత్రానికి వచ్చే చిన్న ట్రిప్పే కదా! దానికింత అవసరమా?"

ఈ "చిన్న ట్రిప్పే కదా" అన్న మాట మీదే నా యుద్ధం. చదివాక తిట్టుకున్నా ఫరవాలేదు, చదవండి.

ముందు నా బండారం నేనే బయటపెట్టుకుంటాను. ఎందుకంటే ఆ మాట మొదట అన్నవాణ్ణి నేనే.

నాలుగేళ్ళ కిందట, అక్టోబరు మధ్యలో, ఏడుగురం కలిసి ఇంగాల్స్ లేక్‌కి వెళ్ళాం. సియాటెల్ నుంచి ఐ-90 మీద తూర్పుకి పోయి, క్లీ ఎలమ్ దాటాక టీనవే లోయలోకి తిరిగి, చివర్లో మట్టిరోడ్డు మీద చాలాసేపు పోతే వస్తుంది. రానూపోనూ తొమ్మిది మైళ్ళు, ఎక్కుడు సుమారు 2500 అడుగులు. పెద్ద గొప్ప సాహసమేం కాదు, చిన్నపిల్లలు కూడా ఎక్కేస్తుంటారు. నేను వేసుకెళ్ళింది మా కంపెనీ వాళ్ళు ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన లాప్‌టాప్ బ్యాగు. లోగో కూడా ఉంది, ఆహా ఏమి రాజసం! మా గుంపులో ఒక ఉత్సాహవంతుడు మాత్రం పెద్ద బ్యాగు తెచ్చాడు. ఇంకేం, అందరం మా జాకెట్లు, పులిహోర డబ్బాలు, నీళ్ళ సీసాలు అతని బ్యాగులో కుక్కేశాం. టార్చి లైటు కూడా అందులోనే. అతగాడు జిమ్ము మనిషి, సంతోషంగా మోశాడు.

పైకి వెళ్ళాం, సరస్సు చూశాం, మౌంట్ స్టువర్ట్ ముందు నిలబడి నూటయాభై ఫోటోలు దిగాం, కొండమేకలు మమ్మల్ని చూసి నవ్వుకున్నాయి. దిగేటప్పుడు సాయంత్రం అయిదు దాటింది. ఆ రోజుల్లో అక్కడ ఆరుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. జిమ్ము మనిషి, ఇంకో నలుగురు చకచకా ముందుకి వెళ్ళిపోయారు. నేనూ మా ఆవిడా వెనక. ఒక మలుపులో జారుడు రాయి మీద ఆమె కాలు మడతపడింది. పదడుగులు వేసేసరికి చీలమండ గుమ్మడికాయలా వాచింది.

చీకటి పడింది. ఫోనుకి సిగ్నల్ లేదు, ఛార్జి పన్నెండు శాతం. చెమటకి తడిసిన కాటన్ టీషర్టులు, మీద సన్నటి స్వెట్టర్లు. చలి సున్నాకి దగ్గర్లో. మా ఆవిడ రాయి మీద కూర్చుని పళ్ళు కటకటలాడిస్తూ అడిగింది. "ఏవండీ, మన బ్యాగులో ఏముంది?"

తీసి చూశాను. ఒక చిప్సు ప్యాకెట్టు, సగం అరటిపండు, ఆఫీసు బ్యాడ్జి, ప్రొజెక్టరుకి తగిలించే అడాప్టరు, ఒక తెల్లబోర్డు మార్కరు.

నా జీవితంలో నన్ను చూసి నేను అంతగా సిగ్గుపడిన సందర్భం ఇంకోటి లేదు. ఆరు డేటాసెంటర్లలో మా కంపెనీ సరుకు పోకుండా కాపాడే డిజైను రాసిన మహానుభావుణ్ణి కదా! మా ఆవిడకి మాత్రం ప్రొజెక్టరు అడాప్టరు తెచ్చాను.

ముప్పావుగంట తర్వాత పైనుంచి ఒక లైటు దిగుతూ కనిపించింది. దగ్గరికొచ్చాక చూస్తే భుజానికి రైఫిలు, వొంటిమీద మెరిసిపోయే నారింజరంగు చొక్కా, వీపు మీద తలకంటే ఎత్తున్న మూట. మా ఆవిడ భయంతో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అరవయ్యేళ్ళ వేటగాడు. ఆ మూటలో ఉన్నది ఆ ఉదయం కొట్టిన జింక మాంసం. ముప్ఫై కిలోలకి తక్కువుండదు. అంత బరువు మోస్తూ కూడా ఆయన మూట దించి, పైజేబులోంచి రెండో హెడ్‌ల్యాంపు తీసి నా తలకి తగిలించాడు. ఇంకో జేబులోంచి దళసరి కోటు తీసి ఆమెకి కప్పాడు. మూడో జేబులోంచి సాగే బ్యాండేజీ తీసి కాలికి కట్టాడు. ఒక్క వస్తువుకీ వెతుక్కోలేదు, చీకట్లో చెయ్యి పెడితే చేతికొచ్చింది. ఆయన ఊతకర్రలు ఆమె చేతికిచ్చి, మాతోపాటు నింపాదిగా కిందికి దింపాడు. కిందకొచ్చాక ఒక్క మాటన్నాడు. నేను కూడా ఈ రాత్రి ఇక్కడ ఉండాలని రాలేదు, ఉండాల్సొస్తే ఉండగలిగేలా వచ్చాను అని.

మా జిమ్ము మనిషి కారు దగ్గర, మా ఏడుగురి జాకెట్లూ టార్చీ ఉన్న బ్యాగు పక్కన పెట్టుకుని, మాకోసం కంగారుపడుతూ కూర్చున్నాడు. పాపం అతని తప్పేముంది?

సరే, సొద ఆపి విషయానికొస్తాను. నేను ఢంకా బజాయించి చెప్పేది ఇదీ: చిన్న ట్రిప్పుకి కొనే బ్యాగు మీరు అనుకున్న పగలు కోసం కాదు, అనుకోని రాత్రి కోసం. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇది తలకిందుల లెక్కలా కనిపిస్తుంది కానీ కాదు. మూడు రోజుల ట్రెక్కుకి పోయేవాడి దగ్గర గుడారం ఉంటుంది, పడుకునే సంచి ఉంటుంది, పొయ్యి ఉంటుంది. దారి తప్పితే తిట్టుకుంటూ అక్కడే పడుకుని పొద్దున లేస్తాడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడి దగ్గరే ఏమీ ఉండదు. కొండకి మనం రెండు గంటల కోసం వచ్చామా రెండు రోజుల కోసం వచ్చామా అన్నది తెలీదు. చలి ఇద్దరికీ ఒకటే. అందుచేత చిన్న ట్రిప్పులోనే బ్యాగు గురించి ఎక్కువ ఆలోచించాలి.

ఇది నేను కనిపెట్టిన వేదాంతం కాదు. సియాటెల్లోనే 1906లో పుట్టిన మౌంటెనీర్స్ క్లబ్బు 1930ల నుంచే ఈ పాఠం చెబుతోంది. వాళ్ళ "పది అత్యవసరాలు" జాబితా 1974లో వాళ్ళ పుస్తకంలోకి ఎక్కింది. దారి చూపేవి, తలకి కట్టుకునే లైటు, ఎండ నుంచి రక్షణ, ప్రథమచికిత్స, కత్తి, నిప్పు, తలదాచుకునే కప్పు, అదనపు తిండి, అదనపు నీళ్ళు, అదనపు బట్టలు. దీని వెనకున్న ప్రశ్నలు రెండే. ప్రమాదం వస్తే తట్టుకోగలవా? ఒక రాత్రి బయట బతగ్గలవా?

ఇప్పుడు ఎదురు వాదాలొక్కటొక్కటే చూద్దాం.

"ఆఫీసు బ్యాగుందిగా, మళ్ళీ ఇంకోటెందుకు?"

ఇక్కడొక తమాషా చెప్పాలి. జాన్‌స్పోర్ట్ అనే కంపెనీ 1967లో ఈ సియాటెల్లోనే పుట్టింది. కొండలెక్కేవాళ్ళ కోసం చేసిన చిన్న బ్యాగుల్ని 1970ల్లో వాషింగ్టన్ యూనివర్సిటీ పుస్తకాల షాపులో పెడితే, పుస్తకాలు మొయ్యడానికి బావున్నాయని కుర్రాళ్ళు ఎగబడ్డారట. అలా కొండ సంచి కాలేజీ సంచి అయింది. తర్వాత దానికి లాప్‌టాప్ అర కుట్టారు, ఆఫీసు సంచి అయింది. మనం దాన్ని మళ్ళీ కొండెక్కిస్తున్నాం. కానీ అది మధ్యలో నడుము పోగొట్టుకుంది!

నేను వెటకారానికి అనట్లేదు. బ్యాగులో అసలు విషయం నడుము పట్టీనే. భుజాలు బరువు మొయ్యడానికి పుట్టలేదు, తుంటి ఎముకలు పుట్టాయి. బావి దగ్గర మన అమ్మమ్మలు బిందె ఎక్కడ పెట్టుకునేవారో గుర్తు తెచ్చుకోండి. ఎవరైనా భుజానికి వేలాడదీసుకున్నారా? చంకనెత్తుకుని తుంటి మీద ఆనించారు. 1952లో డిక్ కెల్టీ అల్యూమినియం చట్రంతో సంచులు అమ్మినా, 1967లో గ్రెగ్ లోవ్ ఆ చట్రాన్ని సంచి లోపలికి తెచ్చినా, గొడవంతా బరువుని భుజాల మీంచి తుంటి మీదకి దింపడం గురించే. లాప్‌టాప్ బ్యాగుకి ఆ పట్టీ ఉండదు, లేదా అలంకారానికి సన్నటి నాడా ఉంటుంది. వీపుకి అతుక్కుపోయి చెమట పోదు. ఆ చెమటే చీకటి పడ్డాక చలి అవుతుంది. పైగా సగం చోటు లాప్‌టాప్ అరకే పోతుంది, కోటు పట్టదు. కోటు పట్టదు కాబట్టి తేము. అసలు ప్రమాదం ఇదే. బ్యాగు చిన్నదైతే మనం వస్తువుల్ని తగ్గిస్తాం, మొదట తీసేసేది ఎప్పుడూ "అవసరం పడదులే" అనుకున్నదాన్నే.

"తిరుపతి మెట్లెక్కినవాళ్ళం, ఇదొక లెక్కా?"

అయ్యా, నేనూ ఎక్కాను. అలిపిరి నుంచి మూడున్నర వేల పైచిలుకు మెట్లు, గోవింద నామాలతో సహా. కానీ ఆ దారిలో పైకప్పుంది, లైట్లున్నాయి, నీళ్ళున్నాయి, మలుపు మలుపుకీ దుకాణముంది. కింద ఇచ్చిన సామాను దేవస్థానం వాళ్ళే ఉచితంగా పైకి చేరుస్తారు. అంటే మనం జీవితంలో ఎక్కిన అతిపెద్ద కొండని సంచి లేకుండా ఎక్కాం! అది మన తప్పు కాదు, ఆ ఏర్పాటు గొప్పతనం. కానీ ఆ ధైర్యం తెచ్చి క్యాస్కేడ్స్‌లో పెడితే కుదరదు. ఇక్కడ వెంకన్న మీద భారం వేసినా హెడ్‌ల్యాంపు మాత్రం మనమే మోసుకోవాలి.

"మా దగ్గర ఎక్సెల్ షీటుంది"

వీళ్ళు రెండో రకం. మొదటి రకం ఏమీ ఆలోచించరు, వీళ్ళు ఆలోచిస్తూనే ఉంటారు. పదిహేడు బ్యాగులు, ఇరవై రెండు కాలమ్స్, ఒక్కోదానికి వెయిటేజీ. మూడు నెలల పరిశోధన, చివరికి రంగు నచ్చి ఒకటి కొంటారు. కొండని తవ్వి ఎలకని పట్టడమంటే ఇదే.

ఆ షీటులో ఉండే అంకెల సంగతి చూద్దాం. లీటర్లు: ఒక కంపెనీ పక్కజేబులు కలిపి లెక్కేస్తుంది, ఇంకోటి కలపదు, కాబట్టి రెండు లీటర్ల తేడా మీద తలలు బద్దలుకొట్టుకోవడం దండగ. డెనియర్: 420 డెనియర్, 500 డెనియర్ అని గొప్పగా చెబుతారు. అంటే ఏంటయ్యా అంటే తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందన్నది, అంతే. నూలు లావు చెబుతుంది కానీ బ్యాగు జీవితకాలం చెప్పదు. నా అనుభవంలో బ్యాగు చిరిగేది గుడ్డ దగ్గర కాదు, కుట్టు దగ్గరా జిప్పు దగ్గరా. "వాటర్‌ప్రూఫ్": గుడ్డకి పూత ఉంటుంది నిజమే, నీళ్ళు జిప్పులోంచీ కుట్టులోంచీ వస్తాయి. ఇంట్లో చెత్తబుట్టకి వేసే పెద్ద ప్లాస్టిక్ సంచి కొత్తది ఒకటి బ్యాగు లోపల పరిచి సామాను అందులో పెట్టండి. ఏ ఖరీదైన పూతా దానికి సాటి రాదు.

షీటులో ఎప్పుడూ ఉండని కాలమ్ ఒకటుంది. మీ వీపు పొడవు. మీ ఎత్తు కాదు సుమండీ, వీపు పొడవు. తల కిందికి వంచితే మెడ వెనక ఒక ఎముక పొడుచుకొస్తుంది కదా, అక్కణ్ణుంచి కిందికి. ఎక్కడిదాకా? రెండు చేతులూ తుంటి ఎముకల మీద పెట్టుకుని బొటనవేళ్ళు వెనక్కి చాపితే వాటి మధ్య వచ్చే గీత దాకా. ఇంట్లో ఎవర్నైనా టేపు పట్టుకోమంటే అర నిమిషం పని. ఆరడుగుల మనిషికి పొట్టి వీపుండొచ్చు, అయిదడుగుల మనిషికి పొడుగు వీపుండొచ్చు. అది కలవకపోతే నడుము పట్టీ పొట్ట మీదకో పిరుదుల మీదకో పోయి, బరువంతా మళ్ళీ భుజాలకే వస్తుంది.

ఇక్కడ మన మగమహారాజులకి ఒక చురక. మీకు కొత్త బ్యాగు కొనుక్కుని పాతది "నువ్వు వాడుకో" అని భార్యకిచ్చే ఘనులు చాలామందే ఉన్నారు. ఆడవాళ్ళకి సాధారణంగా వీపు పొడవు తక్కువ, తుంటి ఆకారం వేరు, భుజం పట్టీల వంపు వేరు. ఆమె నెమ్మదిగా నడుస్తోందని విసుక్కునే ముందు ఆ బ్యాగు ఎవరి కొలతకి కుట్టారో చూడండి.

"ఒక్క పెద్ద బ్యాగు చాలదూ, ఎవడో ఒకడు మోస్తాడు"

ఇది మన తెలుగువాళ్ళ ప్రత్యేక జబ్బు. పిక్నిక్‌కి బావుంటుంది, ఉమ్మడి కుటుంబం లెక్క. పులిహోర డబ్బా ఒకచోటే ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ టార్చి, కోటు, నీళ్ళు?

ఆఫీసులో ఎవడైనా ఏడు సర్వర్లకీ ఒకే పవర్ సప్లై పెట్టి డిజైను తెస్తే మనం ఏమంటాం? రివ్యూలో వాణ్ణి నలిపి నంజుకుంటాం. "ఇది పోతే ఏంటి?" అని ముప్పై కామెంట్లు రాస్తాం. అదే మనం శనివారం ఏడుగురి ప్రాణాల్ని ఒక్క సంచిలో పెట్టి, ఆ సంచిని అందరికంటే వేగంగా నడిచేవాడి వీపుకి తగిలిస్తాం! గుంపు విడిపోవడం ప్రమాదం కాదు, మామూలే. ప్రతి హైకులోనూ విడిపోతారు. కాబట్టి నడవగలిగిన ప్రతి మనిషికీ వాడి సంచి, వాడి లైటు, వాడి కోటు, వాడి నీళ్ళు. పదేళ్ళ పిల్లకి కూడా ఒక చిన్న సంచిలో లైటు, విజిలు, జాకెట్టు ఉండాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మా ఆవిడ ఆ రోజు వణికేది కాదు.

మరి వేటగాళ్ళ బ్యాగే కొనేస్తే పోలా?

నేను కథ చెప్పిన ప్రతిసారీ ఒకడు ఇలా దొరుకుతాడు. వద్దు బాబూ. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశం నుంచి వచ్చాం, వేటంటే మనకి సినిమా సీనో పోలీసు కేసో. ఇక్కడ మాత్రం అది లైసెన్సూ సీజనూ ఉన్న వ్యవహారం. వాషింగ్టన్లో 1972 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళు మామూలుగా వేట పాఠాలు పాసైతే గానీ మొదటి లైసెన్సు ఇవ్వరు. మా టీములో ఒకాయన నన్నూ రమ్మని లాగుతున్నాడు కాబట్టి రెండు రకాల బ్యాగులూ మోసి చూశాను.

వేట సంచికి పని వేరు. వెళ్ళేటప్పుడు అయిదారు కిలోలు, జంతువు దొరికితే వచ్చేటప్పుడు ముప్ఫై. అందుకని గట్టి చట్రం ఉంటుంది. చట్రానికీ సంచికీ మధ్య ఖాళీ తెరుచుకుంటుంది, మాంసాన్ని జల్లెడ గుడ్డ సంచుల్లో వేసి అక్కడ, వీపుకి దగ్గరగా కడతారు. ఎల్క్ అయితే ఒక్క మనిషి ఒక్క విడతలో తేలేడు, నాలుగైదు సార్లు తిరగాల్సిందే. పైగుడ్డ మెత్తగా ఉంటుంది, కొమ్మకి రాసుకున్నా బరబరమనదు. జింక చెవులు అలాంటివి మరి. ఇవన్నీ కలిపితే ఖాళీ సంచే రెండున్నర మూడు కిలోలు. పులిహోర మొయ్యడానికి అదెందుకు? అలాగే, మామూలు హైకింగ్ బ్యాగుతో వేటకి పోతే సన్నటి రేకు చట్రం ఆ బరువుకి వంగి నడుము విరుగుతుంది. రెంటికీ ఒకటే అని అమ్మేవాణ్ణి నమ్మకండి. వేట మొదలుపెట్టేవాళ్ళు చట్రమున్నది కొనండి, మిగతావాళ్ళు దాని జోలికి పోకండి.

వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది బ్యాగు కాదు, అలవాటు. ప్రతి వస్తువుకీ ఒకే జేబు, ఎప్పుడూ అదే జేబు. చీకట్లో చేత్తో తడిమి తియ్యగలగాలి.

ఇంకోటి, చాలామందికి తెలియని సంగతి. తుపాకుల సీజన్లో వేటగాళ్ళు నడుము పైన, అన్ని వైపుల నుంచీ కనపడేలా 400 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు వేసుకోవాలని వాషింగ్టన్ చట్టం. 2019 నుంచి మెరిసే పింకు కూడా సరే. మనకి ఆ చట్టం వర్తించదు కానీ అదే అడవిలో, అదే రోజున నడుస్తున్నాం. మీరు తెలివిగా నారింజ జాకెట్టు వేసుకుని దాని మీద నల్ల ఆఫీసు బ్యాగు తగిలిస్తే, వెనకనుంచి చూసేవాడికి కనపడేది నల్లటి గుడ్డే! బ్యాగు మీద ఒక నారింజ రంగు తొడుగు వెయ్యండి. తెల్ల తువ్వాలు మాత్రం బ్యాగుకి వేలాడదీయకండి. జింక వెనకభాగం తెల్లగా ఉంటుంది, ఆపైన మీ ఇష్టం.

సరే, ఎలా కొనాలో చెప్పి ఏడు

చెబుతా. వరస ముఖ్యం.

1. ముందు బ్యాగు కొనకండి. హాల్లో నేల మీద దుప్పటి పరిచి పైన చెప్పిన పది రకాలూ పేర్చండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు కూడా. లీటరంటే కిలో అని మర్చిపోకండి.

2. ఆ కుప్పని ఒక అట్టపెట్టెలో సర్ది చూడండి. సాధారణంగా ఒక మనిషికి పాతిక నుంచి ముప్ఫై లీటర్లకి వస్తుంది. చలికాలం అయితే ఇంకాస్త. ఆ కుప్ప పట్టే అతిచిన్న బ్యాగే మీ బ్యాగు. మరీ పెద్దది కొన్నా తప్పే, ఖాళీ కనిపిస్తే నింపుతాం.

3. వీపు కొలత తీసుకుని షాపుకి పోయి వేసుకుని చూడండి. మొదట నడుము పట్టీ బిగించాలి, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. తర్వాత భుజాలవి. చివర్న ఛాతీది. చాలామంది భుజాలు ముందు బిగించి బ్యాగుని తిడతారు.

4. ఖాళీ బ్యాగు వేసుకుని అద్దంలో చూసుకోవడం పెళ్ళిచూపుల్లాంటిది, ఏమీ తెలీదు. ఇంటికి తెచ్చి పది పౌండ్ల సోనామసూరి సంచి, రెండు నీళ్ళ సీసాలు పెట్టి అపార్ట్‌మెంటు మెట్లు అరగంట ఎక్కి దిగండి. ఎక్కడ నొప్పో అక్కడే దాని గుట్టు. నొప్పెడితే వాపసిచ్చెయ్యండి.

5. నీళ్ళ సీసా బ్యాగు దించకుండా చేతికందాలి. అందకపోతే తాగరు. నేను తాగలేదు.

6. లైటు, విజిలు, కోటు పైజేబులో. వీటికి శాశ్వత చిరునామా. ఇంటికొచ్చాక కూడా తియ్యకండి, బ్యాటరీలు మాత్రం చూసుకోండి.

బరువెక్కువ కాదూ?

ఈ ప్రశ్నకి నేను వంటింటి కాటా తీసుకుని జవాబు రాసుకున్నాను. హెడ్‌ల్యాంపు ఎనభై గ్రాములు. మనిషి దూరే అత్యవసర సంచి, అదే వెండిరేకులా ఉండేది, నూటపది. పల్చటి దూది కోటు మూడొందలు. వాన జాకెట్టు మూడొందలు. కట్లూ మందులూ నూటయాభై. కత్తి, లైటరు, విజిలు కలిపి వంద. పవర్ బ్యాంకు రెండొందలు. అదనపు తిండి మూడొందలు. మొత్తం ఒకటిన్నర కిలో. మీరు రోజూ ఆఫీసుకి మోసే లాప్‌టాప్, ఛార్జరు కలిపి కాటా మీద పెట్టి చూడండి. కంపెనీ కోసం మోసే బరువు మన ప్రాణం కోసం మొయ్యలేమా?

ఇప్పుడు ఫోన్లో శాటిలైటుందిగా?

ఉంది. 2022లో ఐఫోన్ 14తో మొదలైంది, మంచిదే, వాడండి. కానీ అది కబురు పంపుతుంది, కంబళి పంపదు. ఈ రాష్ట్రంలో అడవిలో వెతికే బాధ్యత కౌంటీ షెరిఫ్‌ది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు, తమ ఇంట్లో భోజనం వదిలేసి వస్తారు. వాళ్ళు సమావేశమై, కారెక్కి, కొండెక్కి మీ దగ్గరికి రావడానికి గంటలు పడుతుంది. ఆ గంటలు బతికుండటం మీ బ్యాగు పని. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం, ఆ ఆకులేవో పొద్దున్నే బ్యాగులో పెట్టుకోవాలి.

డబ్బుల విషయానికొస్తే, రెండొందల డాలర్ల బ్యాగులో అమెజాన్ అడాప్టర్లు వేసుకెళ్ళేవాడికంటే, ఎవరో వాడి వదిలేసిన ముప్ఫై డాలర్ల బ్యాగులో ఈ కుప్ప వేసుకెళ్ళేవాడు వెయ్యిరెట్లు నయం. నేను బ్రాండు పేరు చెప్పకపోవడానికి కారణం అదే. లింకు అడక్కండి, మీ వీపు నా దగ్గర లేదు.

ఆ వేటగాడి పేరు కూడా నేను అడగలేదు, ఆ కంగారులో. హెడ్‌ల్యాంపు వెనక్కి ఇవ్వబోతే ఉంచుకోమన్నాడు. అది ఇప్పుడు మా ఆవిడ బ్యాగు పైజేబులో ఉంటుంది. ఆమె బ్యాగు ఆమెది, ఆమె కొలతకి కొన్నది, ఆమే సర్దుకుంటుంది. నా బ్యాగు కూడా బయల్దేరే ముందు ఆమే తెరిచి తనిఖీ చేస్తుంది. మొదట్లో నాకు చిరాకనిపించేది. కానీ ఏం చేస్తాం, ప్రొజెక్టరు అడాప్టరు కేసులో ముద్దాయిని కదా.

ఈ శనివారం మీరెళ్ళేది చిన్న ట్రిప్పే, ఒప్పుకుంటాను. ఇంట్లోంచి బయల్దేరే ముందు మీ బ్యాగు ఒకసారి నేలమీద బోర్లించండి. పడినవాటితో ఒక రాత్రి గడపగలరేమో చూసుకోండి. గడపలేరనుకుంటే కారు తాళాలు పక్కన పెట్టి, బ్యాగు మళ్ళీ సర్దుకోండి.